మిగులు లేని లెక్క

జూలై 6

అమ్మాయికి,

మీ అత్తగారికి మతి చలించిందనీ, అందుకే ఈ వయసులో భుజాన సంచి తగిలించుకుని కాలేజీకి పోతున్నదనీ, అక్కడ సీసా ఏదో పగలగొట్టుకుని చెయ్యి కాల్చుకున్నదనీ మా తమ్ముడి భార్య నీకు ఫోను చేసి చెప్పినట్టు తెలిసింది. ఇందులో సంచి మాట ఒక్కటే నిజం. చెయ్యి కాలింది ఇస్త్రీపెట్టె వల్ల. మతి సంగతి ఈ ఉత్తరం చదివి నువ్వే తేల్చుకో.

నేను సాయంకాలపు కాలేజీలో మొదటి సంవత్సరం కెమిస్ట్రీ క్లాసులో చేరిన మాట వాస్తవం. పగలు ఉద్యోగాలు చేసుకునేవారి కోసం నడిపే కాలేజీ అది. వయసు అడ్డం రాదని వారి నిబంధనల్లోనే ఉంది. గుమాస్తా మాత్రం నా దరఖాస్తు అందుకుని, "మనవరాలికా అండీ, మనవడికా?" అని అడిగాడు. "నాకే" అన్నాను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. ఆడపిల్లల బడిలో తలనెరిసేదాకా చరిత్ర చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా దిగిన దాన్ని. అటువంటి చూపులు నేను చాలామంది మీద ప్రయోగించాను కనుక అది నన్నేమీ చెయ్యలేదు.

కారణం నీకు తెలియనిది కాదు. ఫిబ్రవరిలో అబ్బాయి పోయాడు. ఏప్రిల్‌లో రంగుల ఫ్యాక్టరీ వారు తమ దర్యాప్తు నివేదికను నీకూ నాకూ చెరొక ప్రతి పంపారు. దాని సారాంశం ఇంతే: మీవాడు ఆ పూట ల్యాబ్‌లో ఒంటరిగా గాజు పాత్రలు శుభ్రం చేస్తూ, అజాగ్రత్త వల్ల ఒక సీసాకు బదులు మరొక సీసా తీసి పోశాడు; విషవాయువు పుట్టింది; బయటపడలేకపోయాడు. అజాగ్రత్త అన్న మాట పేజీకి ఒకసారైనా ఉంది. మిగిలినదంతా అంకెలు, గుర్తులు. నాకు ఆ భాష రాదు. రాని భాషలో నా కొడుకుని తిట్టిపోతే ఊరుకోవడం నాకు చేతకాదు. వకీలును పెట్టుకోమని మా తమ్ముడన్నాడు. వకీలు చదివి చెబితే అది వకీలు మాట అవుతుంది. నేనే చదువుకుంటాను.

ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్న గదికి రంగు వేసింది వాడే, నీకు గుర్తుండే ఉంటుంది. మీ పెళ్లయిన కొత్తలో సెలవులకు వచ్చి, గోడలు టేపుతో కొలిచి, కిటికీల కొలత తీసివేసి, రెండు రంగులు ఏ పాళ్లలో కలపాలో లెక్క కట్టి, సరిగ్గా అంతే కొనుక్కొచ్చాడు. తలుపు వెనక చివరి మూల పూర్తయ్యేసరికి డబ్బా అడుగు కనిపించింది. "డబ్బాలో రంగు మిగలకూడదు, గోడ మీద జాగా మిగలకూడదు. పనంటే అదీ" అంటూ డబ్బా బోర్లించి నీకు చూపించాడు. నువ్వు నవ్వావు. అటువంటివాడు సీసా మార్చి తీశాడట.

వాడి కాలేజీ రోజుల కెమిస్ట్రీ పుస్తకం నీ దగ్గరే ఉండాలి. పంపించు. ఫోను మాత్రం చెయ్యవద్దు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, చివరికి ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. కాగితం మీద ఇద్దరం మర్యాదగా ఉంటాం.

చిట్టికి ముద్దులు.

మీ అత్తయ్య


జూలై 19

అత్తయ్యకి నమస్కారాలు.

పుస్తకం పంపిస్తున్నాను. అట్ట ఊడిపోతే చిట్టి జిగురు పెట్టి అతికించింది, అందుకే కాస్త వంకరగా కూర్చుంది. లోపల నాన్న పెన్సిలుతో గీసిన గీతలున్నాయని అదే చెప్పింది. నేను తెరవలేదు.

మీకు మతి పోయిందని నేనేం అనుకోలేదు. పిన్నిగారు ఫోను చేసినప్పుడు కూడా "ఆవిడ ఏం చేసినా ఆలోచించే చేస్తారు పిన్నీ" అన్నాను. "అదేనమ్మా నా భయం" అంది ఆవిడ.

చదువుకోండి అత్తయ్యా. రోజూ సాయంత్రం బయటికి వెళ్లి నలుగురిలో కూర్చుంటే మీకూ మంచిదే. కానీ ఆ రిపోర్టు జోలికి వెళ్లకండి. అది రాసింది పెద్ద కెమిస్టుగారు. ఆయనా మీ అబ్బాయీ పక్కపక్క బల్లల మీద పనిచేశారు, ఇంట్లో మనిషిలాగే ఉండేవాడు. ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తాడు. చిట్టి సైకిలుకి గాలి కొడతాడు, కుళాయి కారుతుంటే బిగిస్తాడు, చేతులు కడుక్కుని వెళ్లిపోతాడు. రెండు మాటలు కూడా మాట్లాడడు. ఆ మనిషికి కక్ష ఎందుకుంటుంది చెప్పండి. అజాగ్రత్త అని రాశాడు. రాస్తే రాశాడు. ఆ మాట వల్ల ఇప్పుడు ఎవరికి ఏం పోయింది?

నాన్న చెయ్యి జారిందని చిట్టికి చెప్పాను. అది అదే నమ్ముతోంది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటే రెండు చేతులతో పట్టుకుంటోంది. మొన్న నన్నడిగింది, "మామ్మ హోంవర్కు చెయ్యకపోతే బెంచీ ఎక్కిస్తారా?" అని. "మీ మామ్మని ఎక్కించే మగాడు ఇంకా పుట్టలేదు" అన్నాను. చాలా రోజులకి నవ్వింది.

కళ్లజోళ్ల షాపులో ఈ నెల రద్దీగా ఉంది, నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఉంటాను.

మీ కోడలు


ఆగస్టు 23

అమ్మాయికి,

పుస్తకం అందింది. వాడి పెన్సిలు గీతలు స్కేలు పెట్టి గీసినవి. ఒక్కటీ వంకర లేదు.

"ఎవరికి ఏం పోయింది" అని అడిగావు. వాడి పేరు పోయింది. పోయినవాడికి మిగిలేది అదొక్కటే కనుక నాకు అది చిన్న విషయంగా తోచదు.

మా క్లాసు సంగతి చెబుతాను. నా బల్ల మీద నాతోపాటు మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి ఉంటుంది. "మామ్మగారూ, మీరు కాగితం మీద లెక్క చెయ్యండి, నేను గాజు సామాను పట్టుకుంటాను, ఇద్దరం కలిపి ఒక స్టూడెంటు అవుతాం" అని మొదటి రోజే ఒప్పందం చేసుకుంది. నా చేతులు వణుకుతాయని నన్ను నొప్పించకుండా చెప్పే పద్ధతి అది. నేను ఒప్పుకోలేదు. బ్యూరెట్ అనే పొడవాటి గాజు గొట్టం లోంచి చుక్క చుక్కగా వదులుతూ, కింది పాత్రలో నీళ్లు గులాబీరంగుకు తిరిగిన క్షణాన ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ముదిరిపోయి పనికిరాదు. మొదటిసారి ముదురు గులాబీ చేశాను. రెండోసారీ అంతే. మూడోసారికి లేత గులాబీ నిలిచింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టబోతే వారించాను.

కానీ నేను చెప్పదలచింది అది కాదు. ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజున, ఇంకా ఏమీ ముట్టుకోకముందే, మా లెక్చరరు నేర్పిన మొట్టమొదటి పాఠం ఇది: సీసా తీసేటప్పుడు లేబుల్ చదవాలి, పోసేటప్పుడు చదవాలి, తిరిగి పెట్టేటప్పుడు చదవాలి. ఇప్పుడు నాకే చెయ్యి ఏ సీసా మీదికి వెళ్లినా పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. నిన్న ఇంట్లో ఉప్పు డబ్బా మీది చీటీ మూడుసార్లు చదివాను. కొద్ది వారాల ముసలి విద్యార్థినికే ఇంత అలవాటైతే, ఇరవై ఏళ్లు అదే పనిలో ఉన్నవాడు చదవకుండా తీశాడంటే నమ్మడానికి నేనేమీ చిట్టిని కాను. ఆ సీసాకు తప్పుడు లేబుల్ ఉండి ఉండాలి. లేదా గొట్టం ఏదో కారి ఉండాలి. ఫ్యాక్టరీ తప్పు కప్పిపుచ్చడానికి మాట్లాడలేని మనిషి మీద తోశారు.

నువ్వు కోపగించుకున్నా సరే, ఒక మాట అడుగుతాను. ఆదివారాలు వచ్చి కుళాయి బిగించిపోయే ఆ పెద్దమనిషి, అబద్ధం రాసిన చేత్తోనే బిగిస్తున్నాడని నీకు ఎప్పుడూ అనిపించలేదా? ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఇంకా ఉండనిస్తున్నారు కనుక నోరు మెదపకూడదని అనుకుంటున్నావేమో. ఆ భయం నీకు అక్కర్లేదు. ఇక్కడ రెండు గదులున్నాయి.

పరిశ్రమల తనిఖీ శాఖకు అర్జీ పెట్టాను. నివేదిక రాసినవారు అబద్ధమాడారని, మళ్లీ విచారణ జరిపించాలని స్పష్టంగా రాశాను. ఒక ప్రతి ఆ పెద్ద కెమిస్టుకు కూడా పంపాను. వెనకనుంచి మాట్లాడడం నా అలవాటు కాదు.

అత్తయ్య


సెప్టెంబరు 11

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయలేదు. రాస్తే ఏదో ఒకటి రాసేదాన్ని.

క్వార్టర్సు కోసం నేను మీ అబ్బాయి పేరు అమ్ముకున్నానని కదా మీ ఉద్దేశం. పదమూడేళ్లు ఆయనతో కాపురం చేసినదాన్ని. ఆయన చొక్కా జేబులో పెన్ను ఎటువైపు ఉండాలో కూడా నాకు తెలుసు. ఆయన పేరు మీకెంతో నాకూ అంతే. సరే, ఇక ఆ మాట ఎత్తను.

పెద్ద కెమిస్టుగారు మీ అర్జీ పట్టుకుని వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, మెట్ల మీదే కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే పక్కన పెట్టుకున్నాడు, తాగలేదు. "అమ్మగారు రాసింది తప్పు కాదమ్మా" అన్నాడు. అంతే. లేచేటప్పుడు, "విచారణకి పిలిస్తే నేను ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడేం చెప్పనో నువ్వే చెప్పు" అన్నాడు. ముట్టుకోని గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను.

అర్జీ వెనక్కి తీసుకోండి అత్తయ్యా. ఎందుకని అడగకండి. ఆయన ఆఖరి రోజుల్లో సరిగ్గా నిద్రపోయేవారు కాదు. పనివల్ల అనుకోండి. తిండి కూడా అంతంతమాత్రం. మీకు ఫోనులో బాగున్నాననే చెప్పేవారు. ఇంతకంటే కాగితం మీద పెట్టలేను.

మీరే ఇక్కడికి వచ్చెయ్యండి. చిట్టి గదిలో మీ మంచం వేస్తాను. పక్కపక్కన కూర్చుంటే చెప్పగలనేమో. మీరు ఒంటరిగా కూర్చుని ఇలా అవీ ఇవీ ఆలోచిస్తుంటే నాకు భయంగా ఉంది.

మీ కోడలు


అక్టోబరు 8

అమ్మాయికి,

నీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. నా మంచం ఉన్నచోటే ఉంటుంది. మీ మామగారు పోయిన తరువాత ఎవరి ఇంట్లోనూ అతిథిగా కూడా వారం దాటి ఉండలేదు. ఇప్పుడు మతి సరిగా లేని మనిషిని కాపలా కాసినట్టు నన్ను చిట్టి గదిలో పెట్టుకుంటానంటే రాలేను. భయంగా ఉందని రాశావు. నన్ను చూసి భయపడవలసినవారు వేరే ఉన్నారు.

పెద్ద కెమిస్టు నీ గుమ్మంలో కూర్చుని తన నోటితోనే ఒప్పుకున్నాడు. "అమ్మగారు రాసింది తప్పు కాదు" అంటే అర్థం నివేదిక తప్పు అనే కదా. అంతటి మాట విని కూడా నువ్వు నన్ను అర్జీ వెనక్కి తీసుకోమంటావు. నిద్ర పట్టలేదంటావు. వాణ్ని అంతగా పని చేయించి, అలసిపోయిన మనిషి చేతికి ప్రమాదకరమైన సీసాలు ఇచ్చారన్నమాట. ఆ మాట కూడా విచారణలో చెప్పు. మనకు బలం.

శుభవార్త. తనిఖీ శాఖవారు అర్జీ స్వీకరించారు. నవంబరు మూడోవారంలో కమిటీ కూర్చుంటుంది. పెద్ద కెమిస్టునూ, నిన్నూ, ల్యాబ్‌లో పనిచేసేవారినీ పిలిచి ప్రమాణం చేయించి అడుగుతారు. భద్రపరచిన నమూనాలను బయటి ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయిస్తారు. వార్తాపత్రిక అతను కూడా ఒకడు వివరాలు అడిగాడు. విచారణ రోజున రమ్మన్నాను. వాడి మీద పడిన మచ్చ నలుగురిలో పడింది, నలుగురిలోనే తుడవాలి.

ఇక నా చదువు. యూనిట్ పరీక్షలో క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ వచ్చాయి. మందుల దుకాణం అమ్మాయి, "మామ్మగారూ, మీ పక్కన కూర్చోవడం నా పెళ్లిసంబంధాల్లో కూడా చెప్పుకోవచ్చు" అన్నది. మా లెక్చరరు కుర్రవాడు, ముప్పై కూడా ఉండవు, కానీ చెప్పడం చేతనైనవాడు. పోయినవారం ఒక పాఠం చెప్పాడు. అది నీకు చెప్పాలి, ఎందుకంటే మనకు కావలసింది అదే.

"దర్జీ దగ్గర చొక్కాలున్నాయి, గుండీలున్నాయి. చొక్కాకు ఆరు గుండీలు. గుండీలు ముందు అయిపోతే చొక్కాలు మిగులుతాయి, చొక్కాలు అయిపోతే గుండీలు మిగులుతాయి. రెండూ ఒకేసారి అయిపోవడం ఎప్పుడైనా చూశారా?" అని అడిగాడు. వెనక బెంచీలోంచి దర్జీ పని చేసుకునే అతనే, "లేదు సార్, ఏదో ఒకటి మిగిలి చస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. రసాయనాలూ అంతే. రెండు పదార్థాలు కలిస్తే అవి ఒక నిష్పత్తిలోనే కలుస్తాయి. ఏది ముందు అయిపోతుందో దాన్ని బట్టే ఎంత వాయువు పుడుతుందో తేలుతుంది. రెండోది ఊరికే మిగిలిపోతుంది. తూకాలు నేరుగా పోల్చకూడదు, వాటిని మోల్ అనే లెక్కలోకి మార్చి పోల్చాలి. మోల్ అంటే డజను వంటిదే, కాకపోతే ఊహకు అందనంత పెద్ద డజను.

నివేదిక చివరి పేజీలో, రెండు సీసాల లోంచి ఎంతెంత తగ్గిందో కొలిచి వేశారు. ఏప్రిల్‌లో అది నాకు చీమలబారులా కనిపించింది. ఇప్పుడు చదవగలను. తప్పు సీసా కాస్త ఒంపుకున్నంత మాత్రాన మనిషి ప్రాణం తీసేంత వాయువు పుడుతుందా అన్నది నా ప్రశ్న. పుట్టదని తేలితే వారి కథ అక్కడితో కూలిపోతుంది. వచ్చే ఆదివారం తీరికగా కూర్చుని ఆ లెక్క చేస్తాను. చేసి కమిటీ ముందు పెడతాను. వాడి పుస్తకంలోంచే నేర్చుకుని వాడి పక్షాన చెప్పడం కంటే నాకు ఈ వయసులో కావలసినది లేదు.

చిట్టికి ఈ చొక్కాలూ గుండీల సంగతి చెప్పు. దానికి వాళ్ల నాన్న బుర్ర ఉంది.

అత్తయ్య


అక్టోబరు 13

అత్తయ్యా,

ఆ లెక్క చెయ్యకండి.

ఈ ఉత్తరం ఆదివారం లోపు మీకు చేరదని తెలుసు. ఫోను చేశాను, రెండుసార్లు మోగి ఆగిపోయింది. మీరు ఎత్తరని కూడా తెలుసు.

ఆ లెక్క ఒకాయన ఇదివరకే చేశాడు. చేసి, ఎవరికీ చెప్పకుండా మెట్ల మీద కూర్చుంటున్నాడు. నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

మీరన్నది నిజం. ఆయన పొరపాటు చెయ్యలేదు. ఆయన పొరపాటున ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు.

పోయిన దీపావళి నాడనో పుట్టినరోజు నాడనో చెప్పడానికి అదేమీ ఒక్కరోజులో రాలేదు. మెల్లిగా వచ్చింది. స్నానానికి వెళ్లి నీళ్లు వదలకుండా అలాగే నిలబడేవారు. చిట్టి ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టేది. నవ్వితే ముఖం నవ్వేది, ఆయన ఉండేవారు కాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మందులు తెచ్చుకున్నాం. కొన్నాళ్లు బాగున్నట్టే ఉన్నారు. ఆ వారం అయితే మరీ బాగున్నారు, పాత చెప్పులు కుట్టించుకొచ్చారు, చిట్టి సైకిలు తుడిచారు. నేను తేరుకున్నారనుకున్నాను.

మీకు చెబుదామని ఎన్నోసార్లు అన్నాను. "అమ్మకి వద్దు. అమ్మ నన్ను చూసే చూపు మారిపోతుంది" అనేవారు. ఆ మాటకి కట్టుబడి ఇన్నాళ్లూ ఉన్నాను. మీరు నన్ను ఎన్నన్నా పడ్డాను.

చిట్టి పెద్దదవుతుంది. ఎప్పుడో ఒకనాడు దానికి నేనే చెబుతాను, ఎలా చెప్పాలో నాకు తెలిసినప్పుడు. పేపర్లో చదివి తెలుసుకోకూడదు. కమిటీ ముందు నన్ను ప్రమాణం చేయించి అడిగితే నేను అబద్ధం చెప్పలేను అత్తయ్యా. నాకు రాదు.

మీ కోడలు


అక్టోబరు 21

అమ్మాయికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. లెక్క ఆదివారమే పూర్తయింది.

వాడి గదిలో, కిటికీ దగ్గరి బల్ల మీద చేశాను. మొదటి పదార్థం తూకాన్ని మోల్‌లలోకి మార్చాను. రెండోదాన్ని మార్చాను. నిష్పత్తి చూశాను. చొక్కాలూ లేవు, గుండీలూ లేవు. రెండు వైపులా ఏమీ మిగలలేదు. ఎక్కడో పొరపాటు చేశానని మొదటినుంచి చేశాను. మళ్లీ అంతే. నా వణుకుడు చేతిరాతను నమ్మక, అంకెలు పెద్దవిగా రాసుకుని ఇంకొకసారి చేశాను. తల ఎత్తేసరికి ఎదురుగా తలుపు వెనక మూల కనిపించింది, వాడి డబ్బా ఖాళీ అయిన చోటు.

మరునాడు క్లాసు ముగిశాక లెక్చరరు దగ్గరికి వెళ్లాను. పదార్థాల పేర్లు తీసేసి, మోల్‌ల అంకెలూ నిష్పత్తీ మాత్రం రాసి చూపించి, "ఒకతను సీసా మారిపోయి ఇది ఇందులో పోశాడు, ఎంత వాయువు పుడుతుంది అని అడిగారనుకోండి" అన్నాను. అతను ఒక్క నిమిషం చూసి నవ్వాడు. "లెక్క సరే గానీ కథ కుదరలేదు మామ్మగారూ. పొరపాటుకి ఇంత బాగా లెక్కలు రావు. ఇది ఎవరో కూర్చుని కొలిచి పోసింది" అన్నాడు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అతను పాపం ఇంకా నవ్వుతూనే, "కథ మారిస్తే పరీక్షలో ఇవ్వొచ్చు" అన్నాడు.

బస్సులో వస్తూ పెద్ద కెమిస్టు గురించి ఆలోచించాను. ఆ చివరి పేజీ అతను వెయ్యకుండా ఉండవచ్చు. అంకెలు మార్చి ఉండవచ్చు. మార్చలేదు. కెమిస్టు కనుక అంకె మార్చలేకపోయాడు. స్నేహితుడు కనుక మాట మార్చాడు. అజాగ్రత్త అని పేజీ పేజీకి రాసి, ఆ మాటతో వాణ్ని కప్పాడు. నేను ఆ కప్పు లాగడానికి కాలేజీలో చేరాను. అతనికి విడిగా ఉత్తరం రాశాను. అందులో ఏముందో అతనికీ నాకూ మధ్య ఉండనీ.

నీ గురించి ఆగస్టులో నేను రాసిన మాట ఒకటుంది. ఆ కాగితం నీ దగ్గర ఉంటే చింపెయ్యి. చింపినా మాట పోదని నాకు తెలుసు.

నా చూపు మారిపోతుందని వాడన్నాడని రాశావు. నేను ఈ నాలుగు రోజులూ ఆ వాక్యం దగ్గరే ఉన్నాను. వాడు తప్పు చెప్పలేదు. "లేచి ముఖం కడుక్కో, అంతా సర్దుకుంటుంది" అని ఉండేదాన్ని. వాడు లేచి కడుక్కుని ఉండేవాడు కూడా. వాడు నా గురించి కూడా సరిగ్గానే లెక్క వేసుకున్నాడు.

ఇక జరిగినది చెబుతాను. అడగడానికి కాదు, చెప్పడానికే రాస్తున్నాను, ఎందుకంటే అన్నీ అయిపోయాయి.

గురువారం తనిఖీ శాఖ కార్యాలయానికి స్వయంగా వెళ్లి అర్జీ వెనక్కి తీసుకున్నాను. అక్కడి అధికారి కారణం రాసి ఇవ్వమన్నాడు. రాసి ఇచ్చాను: "నా కుమారుడు తన అజాగ్రత్త వల్లనే మరణించాడని అంగీకరిస్తున్నాను. నివేదిక రాసినవారిపై నేను చేసిన ఆరోపణ నిరాధారం. రసాయనశాస్త్రం నాకు బోధపడక, దుఃఖంలో చేసిన పొరపాటు." అతను చదివి, "మీరు కాలేజీలో కూడా చదువుతున్నారట కదండీ, పేపరతను చెప్పాడు, ఫస్టు మార్కులట" అన్నాడు. అతని అనుమానం న్యాయమైనదే. ఫస్టు మార్కులు వచ్చే మనిషికి బోధపడలేదంటే ఎవరు నమ్ముతారు?

శుక్రవారం మాకు పరీక్ష. మొదటి ప్రశ్నే అది. రెండు పదార్థాల తూకాలిచ్చి, ఏది ముందు అయిపోతుంది, ఏది ఎంత మిగులుతుంది అని. కాగితం మీద పెన్ను పెట్టకుండానే నాకు జవాబు తెలిసిపోయింది. అక్కడ ఒకటి మిగులుతుంది, తక్కిన ప్రపంచంలో అన్నిచోట్లా మిగిలినట్టే. నా పేరు రాసి, గంట కొట్టేదాకా కూర్చుని, తెల్లకాగితం ఇచ్చి వచ్చాను. మందుల దుకాణం అమ్మాయి గేటు దాకా వెంట వచ్చింది. "ఒంట్లో బాగాలేదా మామ్మగారూ? అడిగితే నేను చూపించేదాన్ని కదా" అన్నది. "నాకు ఇది అంతుపట్టడం లేదమ్మా" అన్నాను. నా నోటినుంచి ఆ మాట రావడం నేను వినడం ఇదే మొదటిసారి. పేరు కొట్టెయ్యమని గుమాస్తాకు అర్జీ ఇచ్చాను. అతను ఈసారి కళ్లజోడు తీయలేదు.

ఆ అధికారి ఈపాటికి కాలేజీకి ఫోను చేసే ఉంటాడు. వారు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటారు. విచారణ లేదు. నిన్నెవరూ ప్రమాణం చేయించరు. చిట్టి నాన్నకు చెయ్యి జారింది. నువ్వు దానికి చెప్పదలచిననాడు నీ నోటితో చెప్పు. అంతవరకూ కాగితం మీద అదే ఉంటుంది, కింద వాళ్ల మామ్మ సంతకం ఉంటుంది.

పుస్తకం తిరిగి పంపిస్తున్నాను. అట్ట సరిచేయించలేదు. చిట్టి అతికించినట్టే ఉంచాను.

రేపో ఎల్లుండో మా తమ్ముడి భార్య నీకు మళ్లీ ఫోను చేస్తుంది. మీ అత్తగారికి మతి చలించిందని, పరీక్షలో ఒక్క అక్షరం రాయలేక కాలేజీ మానేసిందని చెబుతుంది. జూలైలో ఆ మాట దిద్దడానికి ఒక పేజీ ఖర్చుపెట్టాను.

ఈసారి దిద్దవద్దు. అవునని చెప్పు.

అత్తయ్య